ఇంటర్వెల్ లేని జబ్బు

2005లో సినిమా హాళ్లకు పిచ్చి బాగా కలిసొచ్చింది. ఏప్రిల్‌లో ‘చంద్రముఖి’, జూన్‌లో ‘అపరిచితుడు’. రెండూ తమిళం నుంచి దిగినవే. రెండూ మా ప్రొద్దుటూరులో టికెట్ల కోసం కొట్టుకున్న సినిమాలే. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, మా చిన్నమామకు ఇరవై నాలుగు. ఆయన జబ్బుకు మాత్రం అప్పటికి రెండేళ్లే. ఇంట్లో దానికింకా పేరు లేదు. డాక్టరు పెట్టాల్సిన పేరు ఊరే పెట్టేసింది: అపరిచితుడు.

మామది జమ్మలమడుగు, మా అమ్మ పుట్టినూరు. డిగ్రీ అయినాక ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో లెక్కలు రాసేవాడు. మా ఊరిని రెండో బొంబాయి అంటారు కదా, ఆ పేరు తెచ్చిన బంగారు అంగళ్ల వీధిలోనే. మొదట నిద్ర పోయింది. తర్వాత బయట తిండి మానేసినాడు. అంగట్లో అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని కొన్నాళ్లకు పనికి పోవడమే మానేసినాడు. టీవీలో వార్తలు చదివే ఆమె మధ్యమధ్యలో తన పేరు ఎత్తుతోందని సౌండు తగ్గించేవాడు.

అరవలేదు. బట్టలు చించుకోలేదు. ఎవరి గొంతూ పట్టుకోలేదు. జమ్మలమడుగులో మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చొని గంటల తరబడి ఎవరికో జవాబు చెప్పేవాడు, అదీ చాలా మర్యాదగా: “లేదు సార్, నేను తీసుకోల్యా సార్. లెక్క సరిగానే ఉంది, చూసుకోండి సార్.” అంగట్లో ఒక్క గ్రాము కూడా పోలేదు, ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. కానీ బంగారం మధ్య పొద్దంతా కూర్చునే మనిషికి దొంగతనం నింద కంటే పెద్ద భయం ఏముంటుంది? వినిపించే గొంతులు కూడా మన బతుకులోంచే మాటలు ఏరుకుంటాయి.

‘అపరిచితుడు’ వచ్చిన కొన్ని నెలలకు ఒక సాయంత్రం బస్టాండు దగ్గర నలుగురైదుగురు కుర్రోళ్లు మామ చుట్టూ చేరినారు. ఒకడు ఆయన జుట్టు ముందుకు లాగి మొహం మీద వేసినాడు. “ఇప్పుడు రెమో మాదిరి మాట్లాడు” అన్నాడొకడు. “రెమో కాదు, అపరిచితుడు రావాల” అన్నాడు ఇంకొకడు. మామ ఎవరిగానూ మారలేదు, మామగానే నిలబడినాడు. కొడితే అయినా మారతాడేమోనని చెంప మీద కొట్టినారు. మా అవ్వ పోయి చెయ్యి పట్టుకొని పిల్చుకొచ్చింది.

ఆ కుర్రోళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లకు తెలిసిన పిచ్చి అదొక్కటే. టికెట్ కొని చూసినది ఎదురుగా కనపడితే ఆ సీన్ మళ్లీ అడిగినారు. నాకు లెక్క తేలనిది వేరే ఉంది. మన సినిమా ఇన్ని దశాబ్దాలుగా ఇంతమంది పిచ్చివాళ్లను చూపించింది కదా, అందులో మా మామ లాంటి మనిషి ఒక్కడైనా ఎందుకు లేడు?

‘అపరిచితుడు’ సంగతే తీసుకోండి. విక్రమ్ నటన గురించి నాకు రెండో మాట లేదు. ప్రకాష్‌రాజ్ ఎదురుగా కూర్చొని క్షణానికో మనిషిగా మారే సీన్‌ను ఇప్పటికీ ఫోన్లో చూస్తాను. కానీ ఆ కథలో జబ్బు ఏం చేస్తుందో గమనించండి. మెత్తటి రామానుజానికి అది సూపర్ పవర్ ఇస్తుంది. గరుడ పురాణం ప్రకారం తప్పు చేసినోళ్లను చంపిస్తుంది. చిన్నప్పుడు చెల్లెలు కరెంటు షాక్‌తో పోయిందని ఫ్లాష్‌బ్యాక్‌లో కారణం కూడా చూపిస్తారు. చివర్లో వైద్యం అయ్యి బయటికొచ్చిన హీరో రైల్లో ఇంకొకణ్ణి తోసేస్తాడు, హాలంతా ఈలలు. అంటే జబ్బు తగ్గకపోవడమే ప్రేక్షకుడికి కావాలి.

చాలా ఏళ్ల తర్వాత ఆ సినిమా టీవీలో వస్తుంటే మామ, నేను పక్కపక్కన కూర్చొని చూసినాం. అప్పటికి ఆయన మందులు వాడబట్టి చాన్నాళ్లయింది. ఆ సీన్ అంతా చూసి ఆయన అన్న మాట ఇది: “వీనికేం రా, అదృష్టవంతుడు. ఒక్కొక్కరే వచ్చి మాట్లాడి పోతాండారు. నాకైతే అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్లు.”

నేను చదివిన ఏ రివ్యూలోనూ అంత మంచి మాట లేదు.

మామ జబ్బు పేరు స్కిజోఫ్రేనియా. స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ 1908లో పెట్టిన పేరు. గ్రీకులో దానికి చీలిన మనసు అని అర్థం వస్తుంది. అక్కడే మనవాళ్లకు తికమక మొదలైంది. చీలింది అంటే ఒక మనిషి ఇద్దరు కావడం కాదు. ఆలోచన ఒక దారిన, భావం ఒక దారిన, బయటి లోకం ఇంకో దారిన పోవడం. ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండటం పూర్తిగా వేరే జబ్బు, అదీ చాలా అరుదు. అరుదైనది తెరమీద మామూలైపోయింది, మామూలుది తెరమీదికి రానే లేదు.

‘చంద్రముఖి’ కథ ఇంకా సరదా. అమెరికా నుంచి వచ్చిన సైకియాట్రిస్టు రజనీకాంత్. ఆయన చేసే వైద్యమేమో రాజు బదులు బొమ్మను పెట్టి, ఆమె చేత దాన్ని తగలబెట్టించడం. తగలబెడితే అయిపోయింది, పొద్దునకు గంగ మామూలు గంగ. స్కిజోఫ్రేనియా లాంటి జబ్బులకు పనికొచ్చే మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకంలోకి వచ్చింది 1952లో. యాభై ఏళ్లు దాటినా అది మన సినిమా డాక్టర్ల సంచీలోకి చేరలేదు. ఇంకో సంగతి. 1993 నాటి మలయాళ మూలం ‘మణిచిత్రతాళు’లో ఆవహించే నర్తకి తమిళామె. తమిళంలో తీసేసరికి ఆమె తెలుగామె అయిపోయింది, తమిళ సినిమాలోనే తెలుగులో పాడుతుంది. పిచ్చి ఎప్పుడూ పక్క రాష్ట్రం నుంచే వస్తుందన్నమాట.

మిగతావి మీకు తెలిసినవే. తలకు దెబ్బ తగిలితే గతం మర్చిపోవడం, ఇంకో దెబ్బకు గుర్తు రావడం. ప్రేమ చెడితే పిచ్చి, ప్రియురాలు కనిపిస్తే నయం. ‘వసంత కోకిల’ లాంటి మంచి సినిమాకు కూడా అందులోంచి తప్పించుకోవడం కుదరలేదు. ‘మహానుభావుడు’లో ఓసీడీ నవ్వు తెప్పించే అలవాటు. ధనుష్ ‘3’లో బైపోలార్ ఉంది, దాన్ని భార్యకు తెలియకుండా దాచుకొని దాచుకొని చచ్చిపోయే మనిషి ఉన్నాడు. ఆ దాచడం చాలా నిజం. కానీ 2012లో మా జూనియర్ కాలేజీ పిల్లలకు ఆ సినిమా అంటే కొలవెరి పాటే. తర్వాత జరిగిన కథ ఎవరికి కావాలి?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా పనిలో ఏదైనా పడిపోతే రూట్ కాజ్ రాయమంటారు, రాస్తే గానీ టికెట్ క్లోజ్ కాదు. సినిమాకు ఫ్లాష్‌బ్యాక్ అట్లాంటిదే. మామ విషయంలో మా ఇంట్లో అందరూ ఒక్కో రూట్ కాజ్ రాసినారు. గాలి సోకింది అన్నారు. ఎవరో చేసినారు అన్నారు. ఎవర్నో ప్రేమించి ఉంటాడు అన్నారు. అంగట్లో యజమాని అరిచి ఉంటాడన్నారు. చివరికి కర్నూలులో చూసిన డాక్టరు చెప్పింది ఇంతే: ఈ జబ్బు మగపిల్లల్లో తరచుగా ఇరవైల వయసు అటూఇటుగా మొదలవుతుంది, కారణాలు చాలా కలిసి ఉంటాయి, ఒక్కటని వేలుపెట్టి చూపించలేం, మందు మాత్రం ఉంది. మా అవ్వకు ఆ జవాబు అస్సలు నచ్చలేదు. రెండు వందల మైళ్లు తిరిగి వచ్చిన మనిషికి కారణం చెప్పకుండా చీటీ రాసిస్తే ఎట్లా నచ్చుతుంది?

సుకుమార్ తీసిన ‘1 నేనొక్కడినే’ 2014 సంక్రాంతికి వచ్చింది. అప్పుడు నేను ఇంటర్. హాల్లో నా చుట్టూ అందరూ అర్థం కాలేదని తిట్టుకుంటుంటే నాకు మాత్రం ఫస్టాఫ్ ఒళ్లు జలదరించింది. ఎదురుగా ఉన్న మనిషి నిజమా కాదా అని హీరో తనను తానే అనుమానించుకుంటాడు. తాను చంపాననుకున్నవాడు అసలు లేనేలేడని తెలుసుకుంటాడు. ఆ అయోమయం, ఆ సిగ్గు, చుట్టూ ఉన్నవాళ్ల జాలి చూపు, అన్నీ నాకు తెలిసినవే. మహేష్‌బాబు అంత పెద్ద స్టార్‌ను అట్లా చూపించడం నిజంగా గట్టి పనే.

కానీ సెకండాఫ్‌లో ఏమవుతుంది? హీరో అనుమానమే నిజమవుతుంది. శత్రువులు నిజంగా ఉంటారు, అమ్మానాన్నలను నిజంగా చంపేసి ఉంటారు. మాస్ హీరో అన్నాక తప్పు కాకూడదు కదా. మామకు వైద్యం అంటే ఆ దారికి సరిగ్గా అడ్డంగా నడవడం. “మీకు వినపడేది అబద్ధమని నేను అనను, వినపడుతోంది. కానీ అది బయట లేదు” అని డాక్టరు మొదటి రోజు చెప్పిన మాటను నమ్మడానికి మామకు నాలుగేళ్లు పట్టింది. తన తలలో పుట్టిన సాక్ష్యాన్ని తానే కొట్టేయడం కంటే హీరోయిజం ఏముంది? దానికి ఫైట్ పెట్టలేం కాబట్టి సినిమా దాన్ని వదిలేసింది.

హాలీవుడ్ వాళ్లు కూడా ఇక్కడ అటూఇటూ అయినవాళ్లే. 2001లో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’లో గణితవేత్త జాన్ నాష్‌కు లేని మనుషులు కనిపిస్తుంటారు. నిజంగా నాష్‌కు ఇబ్బంది పెట్టినవి ఎక్కువగా గొంతులే. గొంతులను తెరమీద చూపించలేరు, అందుకని మనుషులను పెట్టినారు. సినిమాలో ముసలి నాష్ కొత్త మందులు వాడుతున్నానంటాడు, అసలు ఆయన 1970 తర్వాత మందులు వాడలేదు. ఆ మాట ఎందుకు పెట్టినారంటే, చూసిన రోగులు మాత్రలు మానేస్తారేమోనన్న భయంతో. సినిమా కోసం అబద్ధం చెప్పినా, ఒక్కచోట మాత్రం రోగి గురించి ఆలోచించి చెప్పినారు. నాకు ఆ అబద్ధం మీద కోపం లేదు.

ఒక చిన్న లెక్క చెప్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాన్ని బట్టి స్కిజోఫ్రేనియా సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో ప్రొద్దుటూరు జనాభా లక్షా అరవై వేల పైచిలుకు. భాగిస్తే ఐదు వందల మంది పైనే వస్తారు. ఒక సినిమా హాలు నిండేంత మంది! ఇన్నేళ్లలో నాకు కనిపించింది ఎంతమందనుకున్నారు? మామ కాక ఇద్దరు, ఆ ఇద్దరూ రోడ్డు మీద తిరిగేవాళ్లు. మిగతా హాలంతా ఇళ్లలో ఉంది. లోపలి గదుల్లో, మిద్దెల మీద, చుట్టాలు వచ్చినప్పుడు “ఊరికి పోయినాడు” అనే మాట వెనకాల.

ఇక్కడ ఎర్రగడ్డ ముచ్చట ఒకటి చెప్పాలి. సినిమాల్లో కమెడియన్ ఏదైనా తిక్కగా మాట్లాడితే వీణ్ణి ఎర్రగడ్డకు పంపించాలి అంటారు, జనం నవ్వుతారు. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న చోటు అది. మా రాయలసీమలో ఎర్రగడ్డలంటే ఉల్లిగడ్డలు. మాకు తెలిసిన ఒకాయన మా అవ్వతో, “నీ కొడుకును ఎర్రగడ్డకు తోలకపోయినావా” అంటే, అవ్వ నిజంగానే ఉల్లిగడ్డల మండీలో ఏదో పని చూపిస్తున్నాడనుకొని, “ఎంతిస్తారంట నాయనా” అని అడిగింది. ఇది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుకునే సంగతి. మామే ఎక్కువ నవ్వుతాడు.

మామ జీవితంలో క్లైమాక్స్ లేదు. ఫలానా రోజు నయమైంది అని చెప్పడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా రాత్రి ఎనిమిదిన్నరకు మాత్ర, నెలకోసారి మందుల చీటీ, మూడు నెలలకోసారి డాక్టరు. మొదట ఇచ్చిన మందులకు చేతులు వణికేవి, నోట్లో చొంగ కారేది. మార్చిన మందుకు ఆకలి ఎక్కువై ఇరవై కేజీలు పెరిగినాడు. రెండుసార్లు “బాగానే ఉండాను కదా” అని మాత్రలు ఆపేసినాడు, రెండుసార్లూ రెండు నెలల్లోపే నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఇప్పుడు పదకొండేళ్లుగా ఆపలేదు. జమ్మలమడుగులో పెద్దమామ సిమెంటు అంగట్లో బిల్లులు రాస్తాడు. గొంతులు పూర్తిగా పోలేదంట. “పక్కింట్లో రేడియో మాదిరి ఉంటాయి, నేను పట్టించుకోను” అంటాడు. దీన్ని స్క్రీన్‌ప్లేగా రాసుకొని ఏ ప్రొడ్యూసర్ దగ్గరికి పోతారు? ఇంటర్వెల్ బ్యాంగ్ ఎక్కడ పెడతారు?

మందులకు ముందు ఒక దర్గా ఉంది, ఒక గుడి ఉంది. అంత్రాలు కట్టించినారు, నిమ్మకాయలు కోసినారు. చదువుకున్న మనవడిగా దాన్ని ఎగతాళి చేస్తానని మీరు అనుకోవచ్చు. నేను చెయ్యను. ఆ రెండు చోట్లా మామను ఎవరూ కొట్టలేదు, కట్టెయ్యలేదు, చుట్టూ చేరి నవ్వలేదు. అవ్వ అక్కడ నిద్రపోగలిగింది. కాకపోతే అన్ని చోట్లా అట్లా ఉండదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా ఊర్లోని ఒక ప్రైవేటు ఆశ్రమంలో అగ్గి అంటుకుంది. గొలుసులతో కట్టేసిన రోగులు పరుగెత్తలేక 28 మంది చచ్చిపోయినారు. దానికి రెండేళ్ల ముందే బాల తీసిన ‘సేతు’లో హీరోను గొలుసులేసి అట్లాంటి చోటే ఉంచుతారు. తెలుగులో అదే రాజశేఖర్ ‘శేషు’, 2002లో వచ్చింది. అంటే మనం ఆ సినిమా చూసేసరికి ఏర్వాడి జరిగిపోయింది. అయినా ఆ గొలుసు మనకు ప్రేమకథలో ఒక విషాదంగానే కనపడింది. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఇంట్లో ఎవరికైనా అవసరమైతే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మామ జబ్బు మొదలైనప్పుడు ఇట్లాంటి నంబరు ఒకటి ఉంటే కర్నూలు దారి అవ్వకు రెండేళ్ల ముందే తెలిసేది.

ఇన్ని తిట్టినాక ఒక సినిమాను మెచ్చుకోవాలి. అది 1960 నాటిది: గుత్తా రామినీడు తీసిన ‘చివరకు మిగిలేది’. బెంగాలీలో సుచిత్రాసేన్ చేసిన ‘దీప్ జ్వేలే జాయ్’ దానికి మూలం. హిందీలో తర్వాత వహీదా రెహమాన్‌తో ‘ఖామోషీ’ అయింది. సావిత్రి ఒక మానసిక వైద్యశాలలో నర్సు. ప్రేమ దెబ్బతిని మతి చలించిన రోగికి ప్రేమ నటించి నయం చెయ్యమని డాక్టరు ప్రయోగం పెడతాడు. రోగి కోలుకుని తన దారిన వెళ్లిపోతాడు, ఆమెకు అది నటన కాకుండా పోతుంది. ఇంకో రోగి, మళ్లీ అదే. చివరికి ఆమే అదే ఆస్పత్రిలో రోగి అవుతుంది.

ఆ వైద్యం అర్థం లేనిదే. ఈ రోజు ఏ డాక్టరైనా అట్లా చేస్తే లైసెన్సు పోతుంది. అయినా నాకు ఆ సినిమా ఎందుకు విడవదంటే, పిచ్చివాణ్ణి చూసుకునే మనిషి వైపు కెమెరా తిప్పింది కాబట్టి. మా అవ్వ ఆరేళ్లు గడపకు అడ్డంగా పడుకుంది, రాత్రి మామ లేచి ఎటైనా పోతాడేమోనని. చిన్న అలికిడికి లేచేది. అన్నంలో మాత్ర కలపమని ఎవరో సలహా ఇస్తే, “వాడు ఇప్పటికే బువ్వలో ఏందో కలుపుతాండారు అని భయపడతాండాడు, నేను నిజంగా కలిపితే ఇంక వాడు ఎవర్ని నమ్మాల” అంది. మూడో తరగతి చదివిన మనిషి! మామ కుదుటపడి అంగడికి పోవడం మొదలుపెట్టిన ఏడాదే అవ్వకు నిద్ర పట్టడం మానేసింది. డాక్టరు ఆమెకూ ఒక చీటీ రాసినాడు. సావిత్రి సినిమా ఫోన్లో చూసినప్పుడు చివరి సీన్లలో నాకు అవ్వే కనపడింది. అవ్వ పోయి నాలుగేళ్లవుతోంది.

పిచ్చి అనగానే మనం లెక్కలోకి తీసుకోని ఇంకోటి ఉంది, కోపం. కడప జిల్లా వాణ్ణి కాబట్టి ఇది చెప్పకుండా పోలేను. బెంగళూరు ఆఫీసులో చేరిన కొత్తలో నాది ప్రొద్దుటూరు అనగానే తెలుగువాళ్ల మొదటి ప్రశ్న, “మీ దగ్గర బాంబులు ఇంట్లోనే చేస్తారంట కదా?” పులివెందుల అమ్మాయి ఒకామె మా టీమ్‌లో చేరితే, ఆమెతో గొడవ పెట్టుకోకండిరా అని జోకులు. ‘సమరసింహారెడ్డి’ వచ్చిన 1999 నుంచి ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’, ‘ఆది’ దాకా తెలుగు సినిమా మా సీమ కోపాన్ని అమ్ముకొని బతికింది. చెప్పాలంటే మావాళ్లే ఎక్కువ టికెట్లు కొన్నారు, అది వేరే సంగతి.

ఆ సినిమాల్లో వంద మందిని నరికిన మనిషికి రాత్రి నిద్ర పడుతుంది. కళ్ల ముందు నాన్నను చంపుతుంటే చూసిన పిల్లవాడు పెరిగి పెద్దయ్యి పాట పాడతాడు, మీసం దువ్వుతాడు. వాడికి చెయ్యి వణకదు, కలలు రావు. ‘హిట్’లో పాత గాయం గుర్తొచ్చి ఊపిరాడక ఇబ్బందిపడే పోలీసును చూపించినారు, 2020లో. బాగుంది. కానీ ఆయన హైదరాబాద్ పోలీసు. ఇన్ని ఫ్యాక్షన్ సినిమాల్లో అట్లా ఊపిరాడని మనిషి మావాళ్లలో ఒక్కడూ దొరకలేదా?

మా జేజిది ముద్దనూరు వైపు పల్లె. ఆ ఊర్లో ఒకామె కొడుకు నేను పుట్టకముందు గొడవల్లో పోయినాడు. దీపావళి వస్తుందంటే ఆమె వారం ముందే కూతురింటికి పోయేది, టపాసుల చప్పుడు లేని చోటికి. సాయంత్రం ఆరు దాటితే తలుపు గడియ పెట్టి, మళ్లీ వచ్చి తోసి చూసి, మళ్లీ వచ్చి తోసి చూసేది. ఊర్లో ఎవరూ ఆమెకు జబ్బు ఉందనుకోలేదు. భయస్తురాలు అనుకున్నారు. ఆమె కొడుకు చావు సినిమాలో అయితే ఒక సుమో గాల్లోకి లేచిన షాట్. ఆమె ఇరవై ఏళ్ల గడియ చప్పుడు ఏ సినిమాలోనూ లేదు.

కొంచెం దగ్గరగా వచ్చింది త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీర రాఘవ’, 2018లో. పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైన పగ అది. జగపతిబాబు చేసిన బసిరెడ్డి సంధికి ఒప్పుకున్న సొంత కొడుకునే చంపేస్తాడు. కోపం జబ్బులా ఎట్లా ముదురుతుందో ఆ మనిషిలో కనపడుతుంది. మిగిలిపోయిన ఆడవాళ్ల మాట కూడా ఆ సినిమా అడిగింది. అయినా మొదటి ఫైట్‌కే జనం ఎక్కువ ఈలలు వేసినారు, నాకు గుర్తుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, చెల్లెలికి సంబంధం వచ్చింది.

అబ్బాయిది పులివెందుల. చీనీ తోటలున్నాయి, తను హైదరాబాద్‌లో ఉద్యోగం. జాతకాలు కలిసినాయి, ఫొటోలు నచ్చినాయి. మధ్యవర్తి ఒకరోజు అమ్మకు ఫోన్ చేసి గొంతు తగ్గించి, “మీ పుట్టింటి తట్టు ఎవరికో తల బాగలేదంట కదా” అన్నాడు. అమ్మ, “అదేం లేదు, షుగరు” అంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. అమ్మను నేను తప్పు పట్టలేను. ఇరవై ఏళ్లుగా ఆమె చూసినది ఆమెకు తెలుసు. “వాళ్లు సినిమాలు చూసినోళ్లు కాదా? పిల్ల మీద పడుతుందంటారు” అంది. అమ్మ మాటలో కొంత నిజముంది. దగ్గరి రక్త సంబంధీకుల్లో ఉంటే అవకాశం కొంచెం పెరుగుతుంది, డాక్టర్లు కూడా కాదనరు. కొంచెం అనే మాటను ఎట్లా విప్పి చెప్పాలో ఎవరికీ రాదు, అంతే.

అమ్మ ప్లాను ఏమిటంటే, పెళ్లి మూడు రోజులు చిన్నమామను తిరుపతిలో తెలిసినవాళ్ల దగ్గర పెట్టడం. చెల్లెలు ఒప్పుకోలేదు. మా వైపు పెండ్లికూతురిని మేనమామలు గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తారు. “నన్ను ఎత్తుకొని పెంచినోడు లేకుండా గంపలో నేను కూర్చోను” అంది. అది బీఫార్మసీ చదివింది, మామ మందుల పెట్టె ఆదివారం ఆదివారం సర్దేది అదే. అమ్మకు చెప్పకుండా అబ్బాయికి ఫోన్ చేసి జబ్బు పేరుతో సహా మొత్తం చెప్పేసింది. అబ్బాయి కాసేపు మాట్లాడలేదంట. తర్వాత రెండే అడిగినాడంట. “మందులు టైముకు వేసుకుంటాడా?” “పెండ్లికి వస్తాడు కదా?”

అబ్బాయి సరే. వాళ్ల నాయన పది రోజులు ఏమీ చెప్పలేదు. మొన్న ఫోన్ వచ్చింది, ఆదివారం వస్తామని. ప్రొద్దుటూరుకు కాదు, జమ్మలమడుగుకు. ఎందుకు జమ్మలమడుగో అందరికీ అర్థమైంది. పెండ్లిచూపులు చెల్లెలికి ఎప్పుడో అయిపోయినాయి, ఇవి మామకు.

అమ్మ నిన్నటి నుంచి ఆయనకు ఫోన్లో జాగ్రత్తలు చెప్తూనే ఉంది. ఎక్కువ మాట్లాడొద్దు, అడిగినదానికే జవాబు చెప్పు, తెల్ల చొక్కా వేసుకో. నేను శనివారం రాత్రి బస్సుకు బయల్దేరాలి. మామకు ఫోన్ చేస్తే ఆయన దిగులు పడుతున్నట్టు ఏమీ లేడు. ఆయన అడిగినవి వేరే.

“రేయ్, కాఫీ నాకు సగం గ్లాసే పొయ్యమని మీ అత్తకు చెప్పు. నిండుగా పోస్తే చేతిలో ఒలుకుతాది, వాళ్లు చెయ్యే చూస్తారు.”

“సరే మామా.”

“పాప ఇప్పుడు ఎన్ని కేజీలుంటాది?”

“యాభై నాలుగు.”

“గంపతోనా?”

“గంప కాకుండా మామా.”

“మీ పెద్దమామ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుంటాం. కడ్డీకి గుడ్డ చుట్టుకుంటే చెయ్యి జారదులే.” కాసేపు ఏదో ఆలోచించినాడు. “ఇంకోటి రా. ముహూర్తం తెల్లారుజామున నాలుక్కో ఐదుకో పెట్టినారనుకో, ఎనిమిదిన్నరకు మాత్ర వేసుకుంటే నేను లేయను. ఆ పొద్దు ఎన్ని గంటలకు వేసుకోవాలో డాక్టర్ని అడిగి పెట్టు.”